తథాస్తు దేవతలు వింటున్నా సరే

మా ప్రెస్ ఆర్డరు ఫారం అడుగున ఒక వాక్యం ఉంటుంది. "ముహూర్తం తేదీ మారిన పక్షంలో, మళ్లీ వేసే కార్డులకు ప్రింటింగు ఖర్చు సగమే తీసుకుంటాం." 2020 ఎండాకాలం తర్వాత చేర్చిన వాక్యం అది. చేర్చిన నెలలోనే సత్యనారాయణపురం నుంచి ఒక పెద్దావిడ మనవరాలి పెళ్లి కార్డులకు వచ్చారు. కళ్లజోడు సవరించుకుని ఫారమంతా చదివి, ఆ వాక్యం దగ్గర ఆగి, కాగితం బల్ల మీద పడేసి లేచారు. "శుభమా అని కార్డు వేయించుకోవడానికొస్తే ఇదేం రాత నాయనా? పైన తథాస్తు దేవతలుంటారు" అన్నారు. ఐదు వందల కార్డుల ఆర్డరు అలా మెట్లు దిగి వెళ్లిపోయింది.

నేను శుభలేఖలు అచ్చువేస్తాను. పుట్టింది గుంటూరు, బతుకుతున్నది బెజవాడ. పదమూడేళ్లుగా ఇదే పని. పొద్దున్నుంచి రాత్రి దాకా గణపతి బొమ్మ, కలశం బొమ్మ, "శుభం" అన్న అక్షరాలు కళ్ల ముందు తిరుగుతూనే ఉంటాయి. ఇంత శుభకరమైన వ్యాపారంలో ఉన్నవాడు ఎప్పుడూ కీడు గురించే ఆలోచిస్తాడేంటని మా చుట్టాలు నవ్వుతారు. అందుకే ఇది రాస్తున్నాను.

మన ఇళ్లలో రెండు మాటలు పక్కపక్కనే పెరిగాయి. ఒకటి "కీడెంచి మేలెంచాలి." రెండోది "అలాంటి మాటలు నోటితో అనకు." ఒకే మనిషి పొద్దున మొదటిది చెప్పి సాయంత్రం రెండోది చెబుతుంది, మా అమ్మ లాగా. ఊరెళ్లేటప్పుడు గొడుగు పెట్టుకోమంటుంది, వర్షం వస్తుందేమో అంటే మాత్రం కసురుకుంటుంది. నాకు చాలా కాలం ఇది చాదస్తంగా తోచింది. ఇప్పుడు మాత్రం అమ్మ చేసేదే సరైన పని అనిపిస్తోంది. గొడుగు సంచిలో ఉంటే చాలు, దాని గురించి ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు.

వ్యాపారం పెట్టేవాళ్లకు సలహాలిచ్చేవాళ్లు ఈ రోజుల్లో రెండు జట్లు. ఒక జట్టు "నమ్మకంతో దూకు, దారి అదే కనపడుతుంది" అంటుంది. ఇంకో జట్టు "నెల జీతం ఉందిగా, ఎందుకొచ్చిన తలనొప్పి" అంటుంది. ఈ రెండు జట్ల మనుషులూ మా ఇంట్లోనే ఉన్నారు. మొదటి జట్టుకు మా బాబాయ్ నాయకుడు. రెండో జట్టుకు మా నాన్న.

ముందు నాన్న సంగతి.

నాన్న గుంటూరు మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాగా ముప్పై నాలుగేళ్లు చేశారు. సీజన్లో, అంటే ఫిబ్రవరి నుంచి ఎండలు ముదిరి యార్డుకు సెలవులిచ్చేదాకా, ఆయన చొక్కా ఇంట్లోకి వచ్చేది కాదు. బయట దండెం మీదే విప్పి వేసేవారు. పొరపాటున లోపలికి తెస్తే ఇంటిల్లిపాదికీ తుమ్ములు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు దించడం, శాంపిల్ చూడటం, పాట, కాటా, చీటీ రాయడం, ఇదీ ఆయన లోకం. రిటైరై పదేళ్లయినా యార్డులో తేజ రకం ఏ రేటు పలికిందో తెలియనిదే ఆయనకు కాఫీ దిగదు.

మిర్చి యార్డు దగ్గర పెరిగినవాళ్లకు ఆశ ఎలా ఉంటుందో ఎవరూ చెప్పనక్కర్లేదు. దానికక్కడ ఒక పేరుంది: ఏసీలో పెట్టడం. కళ్లం మీద నుంచి వచ్చిన సరుకుకు రేటు నచ్చకపోతే రైతు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాడు. బస్తాకింతని అద్దె కడతాడు. ఆ సరుకు మీదే అప్పు తెచ్చి ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు వెళ్లదీస్తాడు. రేటు పెరిగితే అద్దె, వడ్డీ పోను మిగులుతుంది. పెరగకపోతే అద్దె, వడ్డీ, పంట మూడూ తన మీదే పడతాయి.

2017లో ఇదే జరిగింది. ముందు ఏడాది రేటు చూసి ఎక్కడెక్కడి రైతులూ మిర్చే వేశారు. సరుకు యార్డు గేటు దాటి రోడ్ల మీదకొచ్చింది, రేటు పడిపోయింది. మే నెలలో కేంద్రం క్వింటాలు 5,000 రూపాయలకు కొంటామని మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. తర్వాత 2021లో నల్ల తామర పురుగు పడి తోటలకు తోటలు పోయాయి. సరుకు తగ్గింది కాబట్టి రేటు ఎగిరింది, 2023కల్లా క్వింటాలు 20,000 దాటిన రోజులున్నాయి. ఆ రేటు చూసి మళ్లీ వేశారు, మళ్లీ ఏసీల్లో పెట్టారు. 2025 ఫిబ్రవరికి కేంద్రం మళ్లీ అదే పథకం కింద 11,781 రూపాయల ధర ప్రకటించే పరిస్థితి వచ్చింది.

ఇదంతా కళ్లారా చూసిన నాన్న నేర్చుకున్నది ఒక్కటే: దేనిలోనూ వేలు పెట్టకూడదు. 1996లో వాళ్ల షావుకారు ఆయన్ని పిలిచి, "రెండు లక్షలు తెచ్చుకో, కొట్టులో పావలా వాటా రాస్తాను" అన్నారట. యార్డులో నాన్నకున్న పేరు అలాంటిది. అమ్మ నగలు, తాతగారి ఊళ్లో అరెకరం కలిపితే రెండు లక్షలు అయ్యేవి. నాన్న ఒక రాత్రి నిద్రపోకుండా ఆలోచించి, "నష్టం వస్తే?" అన్నారు. అమ్మ మాట్లాడలేదు. అంతటితో సరి. ఆ కొట్టు ఇప్పటికీ ఉంది, వాటా తీసుకున్న ఇంకో గుమస్తా లక్ష్మీపురంలో మూడంతస్తుల ఇల్లు కట్టాడు. ఆ ఇంటి ముందు నుంచి వెళ్లేటప్పుడు నాన్న రోడ్డుకు అవతలి పక్క చూస్తారు. ఈ సంగతి నేను ఆయనతో ఎప్పుడూ అనలేదు.

నాన్న వద్దనడం తప్పని నేను అనను. ఆ ఏడాది మిర్చి మునిగి ఉంటే మేమూ మునిగేవాళ్లం. నా పేచీ అంతా ఆయన ఆ ప్రశ్నను సగంలో వదిలేయడం మీదే. నష్టం వస్తే ఎంత వస్తుంది? రెండు లక్షలూ పోతాయా, సగమా? పోతే అమ్మ నగలు ఎన్నేళ్లలో మళ్లీ చేయించొచ్చు? గుమస్తా జీతం ఎలాగూ ఉందా, అదీ పోతుందా? ముప్పై నాలుగేళ్లు ఇతరుల లెక్కలు పైసాతో సహా రాసిన మనిషి, తన భయానికి మాత్రం లెక్క రాయలేదు.

బాబాయ్ దీనికి పూర్తి వ్యతిరేకం. నాన్న తమ్ముడే, ఒకే కంచంలో తిని పెరిగారు. బాబాయ్‌కి భూమి మీద నమ్మకం. 2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో అమరావతి రాజధానికి శంకుస్థాపన జరిగినప్పుడు ఆయన ఆ జనంలో ఉన్నాడు. ఇంటికొచ్చి మూడు రోజులు అదే చెప్పాడు. తర్వాతి మార్చిలో తాడికొండ వైపు ఒక వెంచర్లో ప్లాటు కొన్నాడు. చేతిలో ఉన్నది కొంత, రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది పది లక్షలు.

రెండు రూపాయల వడ్డీ అంటే వందకు నెలకు రెండు. పది లక్షలకు నెలకు ఇరవై వేలు. "ఏడాది తిరక్కుండా డబులవుతుందిరా, వడ్డీ ఎంతలే" అన్నాడు నాతో. నిజంగానే మొదట్లో పెరిగింది. అమ్మమన్నాను. "ఇప్పుడు అమ్మేవాడు పిచ్చోడు" అన్నాడు. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట వినపడింది. ఆ తర్వాత ఆ ప్లాటు వంక చూసినవాడు లేడు. 2021 మార్చిలో, అరవై నెలల వడ్డీ పన్నెండు లక్షలు కట్టాక, వచ్చిన రేటుకు వదిలించుకున్నాడు. అసలు తీరడానికి పిన్ని గాజులు కూడా పోయాయి.

కథ అక్కడ అయిపోతే "అత్యాశ" అని ఒక మాటనేసి ఊరుకోవచ్చు. కానీ 2024 జూన్ తర్వాత ఆ చుట్టుపక్కల రేట్లు మళ్లీ లేచాయి. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు తిరిగి ప్రారంభించారు. అంటే బాబాయ్ అనుకున్నది అనుకున్నట్టే జరిగింది, కాకపోతే ఆలస్యంగా జరిగింది. అప్పటికి ప్లాటు ఇంకొకరిది.

ఇక్కడ నన్ను ఎప్పుడూ ఆలోచింపజేసే సంగతి ఒకటుంది. అదే రాజధాని కోసం దాదాపు ముప్పై మూడు వేల ఎకరాలు ఇచ్చిన రైతులకు భూసమీకరణలో ఏటా కౌలు రాశారు. మెట్టకు ఎకరానికి 30,000, జరీబుకు, అంటే నది పక్కన నీటి వసతి ఉన్న భూమికి, 50,000, ఏటా పది శాతం పెంపు, పదేళ్ల పాటు. ఆ కౌలు ఆలస్యమైన ఏళ్లున్నాయి, వాళ్లు పడ్డ బాధ చిన్నదేమీ కాదు, రోడ్డెక్కి ఏళ్ల తరబడి కూర్చున్నారు. అయినా ఆ కాగితం మీద ఒక తెలివి ఉంది. ఆశ పండేదాకా బతకడానికి దారేదీ అన్న ప్రశ్న అందులో ముందే వేసి ఉంది. మా బాబాయ్‌కి కౌలు రావడం అటుంచి, కౌలు ఆయనే ఎదురు కట్టాడు, నెలకు ఇరవై వేలు. రాజధాని వస్తుందా రాదా అని ఆయనతో వాదించినవాళ్లందరూ, నాతో సహా, తప్పు చోట వాదించాం. అడగాల్సింది "వచ్చేదాకా ఆగగలవా బాబాయ్?" అని.

అవుతుందా కాదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఆశ ఉన్నవాడు అవుతుందంటాడు, భయం ఉన్నవాడు కాదంటాడు, ఇద్దరివీ ఊహలే. కాకపోతే నా దగ్గర ఎంత మిగులుతుంది, దాంతో ఎన్ని నెలలు గడుస్తాయి అన్నదానికి జోస్యం అక్కర్లేదు, కాగితం పెన్ను చాలు. నాన్న భయానికీ బాబాయ్ ఆశకూ నాకు పెద్ద తేడా కనపడదు. రెండూ లెక్క వేయనివే.

ఇంత తెలిసినవాడివి నువ్వేం చేశావయ్యా అంటారు కదా. చెబుతాను.

2024 మొదలు నుంచే మాకు బాగోలేదు. ఆ ఏడాది మే, జూన్ నెలలు మూఢాల్లో పోయాయి. గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం రెండూ కలిసొచ్చి ఎండాకాలం పెళ్లిళ్లే లేవు. ఆషాఢం ఎలాగూ ఖాళీ. ఇది మాకు ముందే తెలుసు, పంచాంగంలో అచ్చేసి ఉంటుంది. మా వ్యాపారంలో రాబోయే కరువు తేదీలతో సహా ముందే తెలిసిపోతుంది, ఇంకే వ్యాపారానికి ఆ అదృష్టం ఉందో నాకు తెలియదు. శ్రావణం మొదలుకాగానే జనం విరగబడ్డారు. ఆ ఊపులో, కార్తీకం, మార్గశిరం ముహూర్తాలకని ఒక్కసారే తొమ్మిది లక్షల సరుకు తెప్పించాను. ఖాళీ కార్డులు, కవర్లు, బంగారు రేకు కార్డులు. టోకున తీసుకుంటే తగ్గింపు ఉందన్నారు. సింగ్‌నగర్‌లో మా షెడ్డు కింద అంతస్తే. సరుకు నేల మీద చెక్కలు వేసి పేర్చాను.

షెడ్డు యజమాని తల్లి, మేమంతా మామ్మగారు అంటాం, నేను అద్దెకు దిగిన రోజే గోడ మీద ఒక గీత చూపించింది. నడుం ఎత్తున, పెన్సిల్‌తో. "2005లో బుడమేరు ఇందాకా వచ్చింది బాబూ" అంది. నేను నవ్వి, "అప్పుడంటే అప్పుడు మామ్మగారూ, ఇప్పుడు కట్టలు బలంగా ఉన్నాయి" అన్నాను. ఏ కట్టలో, ఎంత బలమో నాకేం తెలుసు? ఆ గీత మీద మా క్యాలెండర్ తగిలించాను కూడా.

ఆగస్టు 31 శనివారం రోజంతా వాన. సెప్టెంబరు 1 ఆదివారం పొద్దున రాజరాజేశ్వరిపేటలో ఉండే మా మిషన్ కుర్రాడు ఫోన్ చేశాడు. "అన్నా, నీళ్లొస్తున్నాయి. ఇవి వాన నీళ్లు కాదన్నా." నేను బండేసుకుని వెళ్లేసరికి సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగే చోటే నీళ్లు. అవతల బస్సు పైకప్పు కనపడుతోంది. అక్కడి నుంచి మా షెడ్డు కిలోమీటరు కూడా ఉండదు. ఎనిమిది రోజుల తర్వాత గాని తలుపు తీయలేకపోయాను.

తడిసిన శుభలేఖలు ఎలా ఉంటాయో మీరు చూసి ఉండరు. ఒకదానికొకటి అంటుకుని, ఉబ్బి, ఇటుకల్లా అవుతాయి. గణపతి ముఖం మీది ఎరుపు పక్క కార్డు మీదకు దిగుతుంది. వాసన మాత్రం చెప్పలేను. మునిసిపాలిటీ ట్రాక్టరు మూడు సార్లు తిరిగింది వాటిని ఎత్తడానికి. మూడో ట్రిప్పులో మామ్మగారు గేటు దగ్గర నిలబడి ఉంది. ఏమీ అనలేదు. అని ఉంటే బావుండేది.

ఆ రెండు రోజుల్లో బెజవాడ వాళ్లందరి కళ్లూ కృష్ణ మీదే ఉన్నాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు దాటింది, కట్టిన నాటి నుంచి అంత నీరు ఎప్పుడూ రాలేదు. 2009 అక్టోబరులో వచ్చిన 11.1 లక్షలే అప్పటిదాకా రికార్డు. పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయి, ఊరంతా ఊపిరి బిగబట్టింది. బ్యారేజీ నిలిచింది. ఎందుకు నిలిచిందంటే, 1950ల్లో దాన్ని డిజైన్ చేసినవాళ్లు 11.9 లక్షల క్యూసెక్కులకు లెక్కేశారు. 1952లో పాత ఆనకట్ట తెగిపోవడం చూసిన తరం అది. వాళ్లు నిరాశావాదులా? పదమూడు లక్షల ఎకరాల డెల్టా పచ్చగా ఉంటుందని కలగన్నవాళ్లను నిరాశావాదులని ఎలా అంటాం? అంత పెద్ద ఆశ పెట్టుకున్నారు కాబట్టే అంత పెద్ద కీడునీ లెక్కలో వేశారు. ఆ రోజు కృష్ణలంకను కాపాడింది కూడా అలాంటి లెక్కే, నది పక్కన కట్టిన రక్షణ గోడ.

ఊళ్లోకి వచ్చింది బుడమేరు. బెజవాడ దుఃఖదాయని అని పాతవాళ్లు పిలిచిన వాగు, మామూలు రోజుల్లో చూస్తే మురుగుకాలువ అనుకుంటాం. కొండపల్లి వైపు కట్టకు గండ్లు పడ్డాయి. మామూలుగా అయితే వెలగలేరు దగ్గర నుంచి కొంత నీటిని మళ్లింపు కాలువలో కృష్ణలోకి పంపాలి, కృష్ణే నిండుగా ఉంటే ఆ నీరు ఎక్కడికి పోతుంది? కొల్లేరుకు పోయే దారి పొడవునా మనమే ఇళ్లు కట్టుకున్నాం, షెడ్లు వేసుకున్నాం, వాటిని నాలాంటివాళ్లం అద్దెకు తీసుకున్నాం. అందరూ భయపడుతూ కాపలా కాసిన నది దాని దారిన పోయింది. ఎవరూ పట్టించుకోని వాగు మా మీదకొచ్చింది. అప్పట్నుంచీ నాకు బాగా భయమున్న విషయాల గురించి దిగులు తగ్గింది. వాటికి ఏదో ఒక ఏర్పాటు చేసుకునే ఉంటాం. ఏ గీత మీద క్యాలెండర్ తగిలించామో అది చూసుకోవాలి.

ఇన్సూరెన్సు? ఉంది, మిషన్‌కి మాత్రమే. లోను ఇచ్చిన బ్యాంకు అడిగింది కాబట్టి చేయించాను. సరుకుకు చేయించలేదు. "కాగితాలకేమవుతుంది, నిప్పు దగ్గర పని కాదుగా" అనుకున్నాను. ఒక చోట ఆస్తి ఐదు కోట్ల లోపు ఉండే చిన్న వ్యాపారాల కోసం 2021 ఏప్రిల్ నుంచి భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష అనే పాలసీ ఉంది. సరుకు విలువ రాయిస్తే సరుకునూ కలుపుతారు. అగ్నిప్రమాదంతో పాటు వరద కూడా అందులోనే ఉంటుంది. సరుకు విలువ కాస్త తక్కువ రాయించినా, తేడా పదిహేను శాతం లోపు ఉంటే క్లెయిములో కోత పెట్టరు. ఈ సంగతులన్నీ నాకు సెప్టెంబరు 10 తర్వాత తెలిశాయి. నా సరుకుకు ప్రీమియం ఏడాదికి నాలుగైదు వేలు దాటేది కాదు. మా వీధిలో మునిగిన బళ్లను స్టార్ట్ చేసి చూసినవాళ్లదీ ఇదే బాధ. నీళ్లెక్కిన ఇంజన్ని తిప్పితే వచ్చే నష్టం మామూలు పాలసీలో రాదు, దానికి విడిగా ఇంజన్ కవరు ఉండాలి.

తొమ్మిది లక్షలూ పోయాయి. అయినా దుకాణం మూతపడలేదు, దానికి కారణం నాన్న. ప్రెస్ పెట్టిన కొత్తలో ఆయన ఒక్క మాట చెప్పారు: "ఒరేయ్, అడ్వాన్సు డబ్బు నీది కాదు. కార్డు వాళ్ల చేతికి ఇచ్చినప్పుడే నీది." యార్డులో రైతు డబ్బును సొంత డబ్బనుకుని తిప్పి మునిగిపోయిన కొట్లను చూసిన మనిషి ఆయన. అందుకని అడ్వాన్సులు వేరే ఖాతాలో పెట్టడం నాకు మొదట్నుంచీ అలవాటు. వరదనాటికి చేతిలో పదిహేడు ఆర్డర్లు, ఆ ఖాతాలో రెండు లక్షల పదివేలు ఉన్నాయి. ఆరుగురు డబ్బు వెనక్కి అడిగారు, అదే రోజు ఇచ్చేశాను. మిగతా పదకొండు గవర్నర్‌పేటలో తెలిసిన ప్రెస్‌లో వేయించి, లాభం లేకుండా సమయానికి అందించాను. తర్వాతి శ్రావణంలో వచ్చిన ఆర్డర్లలో చాలామటుకు ఆ పదిహేడు ఇళ్లు చెప్పి పంపినవే. లెక్క లేని భయం నాన్నను వాటాదారు కానివ్వలేదు, అదే మనిషి ఒక చిన్న లెక్కను నా చేతిలో పెట్టాడు. ఇది నాన్నకు చెబితే, "ఆ తొమ్మిది లక్షల సరుకు ఒక్కసారే ఎందుకు తెచ్చావురా" అన్నారు.

ఇప్పుడు ఏటా ఆషాఢంలో, పనిలేని ఒక ఆదివారం, నేనూ మా ఆవిడా కూర్చుని కీడెంచుతాం. ఇది నా సొంత తెలివి కాదు. గ్యారీ క్లెయిన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఒకాయన 2007లో దీన్ని ఒక పద్ధతిగా రాశాడు. పని మొదలుపెట్టక ముందే, అది చెడిపోయిందనే అనుకుని, ఎందుకు చెడిందో ఒక్కొక్కరూ రాయాలి. "చెడుతుందా" అని అడిగితే అందరూ మొహమాటపడతారు, "చెడిపోయింది, ఎందుకో చెప్పండి" అంటే నోళ్లు లేస్తాయి. మా ఆవిడ ఈ పనిలో నాకన్నా ఘనురాలు. మొదటి ఏడాది నేను వరద, మూఢం, మిషన్ రిపేరు అని రాస్తే, ఆమె ఒకే వాక్యం రాసింది: "ఏమండీ, మీకు జ్వరమొచ్చి నెల రోజులు పడుకుంటే డిజైన్ల పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు." అది వరదకన్నా దగ్గరి ప్రమాదం. నాకు తట్టనే లేదు.

చేసుకున్న మార్పులు పెద్దవేమీ కావు. షెడ్డు అదే వీధిలో మొదటి అంతస్తుకు మార్చాను, అద్దె మూడు వేలు ఎక్కువ. సరుకు రెండు నెలలకు మించి తెప్పించను, టోకు తగ్గింపు పోతే పోయింది. సరుకుకు పాలసీ ఉంది. ఎవరికైనా చీటీకి హామీ సంతకం పెట్టాల్సి వస్తే, ఆ మొత్తం నేనే కడుతున్నట్టు అనుకుంటాను, కట్టగలిగినంతకే పెడతాను. దీనివల్ల ఇద్దరు చుట్టాలు మాట్లాడటం మానేశారు.

ఇన్ని జాగ్రత్తలు పడేవాడికి అసలు ఈ వ్యాపారమెందుకు అని మీరు అడగొచ్చు. పెళ్లి పిలుపులు వాట్సాప్ వీడియోలైపోయాయి. వెయ్యి కార్డులు వేయించే ఇళ్లు ఇప్పుడు మూడొందలకు దిగాయి. నాకు కనపడుతోంది. అయినా నాకు ఆశే. పెద్దల ఇళ్లకు వెళ్లి, బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెట్టకపోతే పిలిచినట్టు కాదనుకునే మనుషులు ఈ రెండు ఊళ్లలో ఇంకా చాలా మంది ఉన్నారు. తక్కువ కార్డులు వేయించేవాళ్లు ఒక్కో కార్డుకు ఎక్కువ పెట్టడానికి వెనకాడటం లేదు. ఈ ఆశకు కూడా గడువు రాసుకున్నాను. 2027 ఉగాదికి నెల రాబడి ఒక అంకె దాటకపోతే మిషన్ అమ్మేసి డిజైన్ పని మాత్రమే చేస్తాను. ఆ అంకె మా ఆవిడ డైరీలో ఉంది, నా డైరీలో ఉంటే దిద్దేస్తానని.

ఉగాది అంటే గుర్తొచ్చింది. ఆరు రుచుల పచ్చడి ఉపమానం వాడబోవడం లేదు, భయపడకండి. నాకు నచ్చేది పంచాంగ శ్రవణం. కొత్త బట్టలు కట్టుకుని, గుళ్లో కూర్చుని, మన రాశికి ఆదాయం 2, వ్యయం 14 అని మైకులో చదువుతుంటే తలూపి వింటాం. అవమానం ఎంతో కూడా చెబుతారు. ఒక్కరూ లేచిపోరు, తథాస్తు దేవతల్ని ఎవరూ తలుచుకోరు. ఇంటికొచ్చి భోంచేసి, మర్నాడు షట్టర్ ఎత్తుతాం. ఆ అంకెల మీద నాకు నమ్మకం లేదు గాని, అలా కూర్చుని వినే అలవాటు మీద ఉంది.

పోయిన మాఘంలో బాబాయ్ కూతురి పెళ్లి కుదిరింది. కార్డులకు ఆయనే స్వయంగా బెజవాడ వచ్చాడు, వెంట నాన్న కూడా. అన్నిటికన్నా ఖరీదైన కార్డు తీసి, "వెయ్యి వెయ్యరా" అన్నాడు బాబాయ్. "మూడొందలు చాలు, మిగిలితే చెత్తే" అన్నారు నాన్న. నేను ఇద్దరి చేతా ఒక కాగితం మీద పిలవాల్సిన ఇళ్ల పేర్లు రాయించాను. రెండు గంటలు పట్టింది, మధ్యలో రెండు సార్లు కాఫీలు, ఒకసారి పోట్లాట. నాలుగు వందల డెబ్భై తేలాయి. ఐదు వందల ఇరవై వేద్దామన్నాను. బాబాయ్ ఆర్డరు ఫారం తీసుకుని అడుగున ఉన్న వాక్యం చదివాడు. "ఇదేంట్రా" అన్నాడు. నాన్న నా వైపు చూశారు. బాబాయ్ ఇంకేమీ అనకుండా సంతకం పెట్టాడు.

ముహూర్తం మారలేదు. పెళ్లికి వారం ముందు బాబాయ్ ఫోన్ చేశాడు, ఇంకో నూట యాభై కార్డులు కావాలట.